ప్రతి లేని వ్రాత



క్రిందటి సంక్రాంతికి మా తమ్ముడు హైదరాబాదునుండి మా యింటికి వచ్చియుండెను. వాడు కంప్యూటరులకు ప్రోగ్రాములు వ్రాయు నుద్యోగమున నున్నాడు. ఆ పండుగ దినములలో మా యింట నొక చిక్కు వచ్చి, వాని చేతిమీదుగా తీరినది. ఆ చిక్కును, వాడు తన పనిముట్లను గూర్చి చెప్పిన మాటలను ఈ నెల మీకు విన్నవింపదలచితిని. మొదట అవి కంప్యూటరువారి మాటలే యనుకొంటిని. వినగా వినగా, కలము పట్టిన ప్రతి గృహిణికిని అవి పనికివచ్చునని తోచినది.

మా అత్తగారు కోనసీమలో పుట్టి పెరిగినవారు. బడిలో చదివినది తక్కువయే గాని, ఆమె నోట నున్న పాటలకు లెక్క లేదు. లాలిపాటలు, మేలుకొలుపులు, మంగళహారతులు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, వియ్యాలవారిని వేళాకోళము చేయు పాటలు, ఇట్లు ఏ శుభకార్యమునకు తగినవి ఆ కార్యమున పాడుచుండెడివారు. 2011లో, నేను క్రొత్తగా కాపురమునకు వచ్చిన దినములలో, వేసవి మధ్యాహ్నములందు ఆమె పాడుచుండగా నేను వ్రాసికొంటిని. మా వారు ప్రశ్నపత్రములు కూర్చుకొనుటకై అప్పుడే యొక కంప్యూటరు కొనియుండిరి. కాగితము వృథా యేల యని నేరుగా దానిలోనే ఎక్కించితిని. వేసవి ముగియునప్పటికి 64 పాటలైనవి. శ్రావణమాసపు పేరంటమునకు రెండు పాటలు మాత్రము కాగితముపై అచ్చు తీయించి ముత్తైదువలకు పంచితిని. తక్కినవి యంత్రములోనే యుండిపోయినవి.

2016లో ఆ కంప్యూటరు చెడిపోవుటచే మా వారు క్రొత్తది తెచ్చిరి. పాత ఫైలులన్నియు క్రొత్తదానిలోనికి చేర్చితిమి. పాటల ఫైలు పేరు తెరపై కనబడుచునే యున్నది గనుక అది క్షేమముగ నున్నదనుకొంటిని, తెఱచి చూడలేదు. 2019లో అత్తగారు గతించిరి. క్రిందటి మార్గశిరమున మా పెద్దాడపడుచుగారి కుమార్తెకు పెండ్లి నిశ్చయమైనది. వదినగారు పాలకొల్లునుండి ఫోను చేసి, “అమ్మ పాడిన అప్పగింతల పాట నీవు వ్రాసియుంచితివి గదా. పిల్ల పెండ్లికి అది పాడవలెను, పంపించు” మనిరి. సంతోషముతో ఫైలు తెఱచితిని. అందు తెలుగక్షర మొక్కటియు లేదు! ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు, ప్రశ్నార్థకములు కలగలిసి పుటల కొలది పరచుకొని యున్నవి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అత్తగారి గొంతు ఎట్లును పోయినది. ఆమె నాకు నమ్మి యప్పగించిన మాటనైనను నిలుపలేకపోతినే యని కుమిలితిని. వదినగారికి నిజము చెప్పుటకు ధైర్యము చాలక, “వెదకి పంపెదను” అని దాటవేసితిని. అట్టి స్థితిలో తమ్ముడు వచ్చినాడు.

వాడు తెరవంక చూచి నవ్వి, “అక్కా, పాటలు ఎక్కడికిని పోలేదు. వాటి చిరునామాలు తప్పినవి, అంతే” అనెను. నాకు బోధపడలేదు. అప్పుడు వాడు వంటగదిలోనికి పోయి నా పోపుల పెట్టె తెచ్చి ముందు పెట్టినాడు. “ఈ గిన్నెలలో ఏది యెక్కడ నున్నదో నీకు చూడకయే తెలియును. ఇంకొక యింటి పెట్టెలో నీవు ఆవాలుంచు చోట మెంతులుండవచ్చును. నీ యలవాటు చొప్పున ఆ పెట్టెలో చేయి పెట్టినచో పోపు చేదగును గదా! ఇక్కడ జరిగినది అదే” అని వివరించెను.

యంత్రమునకు అక్షర మనగా రూపము కాదట. ఒక సంఖ్య యట. పూర్వము కంప్యూటరులలో వాడుకలో నున్న యమరికలయందు మొత్తము 256 అరలు మాత్రమే యుండెడివి. అవి ఇంగ్లీషు మొదలగు పాశ్చాత్య భాషలకై యేర్పడినవి. తెలుగు అచ్చు వేయదలచినవారు ఆ యరలలోనే ఇంగ్లీషు అక్షరములకు మాఱుగా తెలుగు ముక్కలను కూర్చిరి. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఏ ముక్క యే యరలో నుండవలెనను విషయమున అక్షరరూపములు చేయు ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి. నేను వాడిన అక్షరరూపములు పాత యంత్రములో నుండుటచే పాటలు తెలుగున కనబడినవి. క్రొత్తదానిలో అవి లేవు గనుక, అరలలో మొదట నున్న ఇంగ్లీషు అక్షరములే బయటపడినవి.

ఈ చిక్కు తీర్చుటకే యూనికోడ్ అను ఏర్పాటు వచ్చినది. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు 128 చోట్లు ప్రత్యేకముగ కేటాయింపబడినవి. అందు ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. ఏ దేశమున, ఏ సంస్థవారు చేసిన యంత్రమైనను ఆ సంఖ్యలు మాఱవు. ‘క్ష’ అనునది క, పొల్లు, ష అను మూడింటి కూడిక. వ్యాకరణమున మనము నేర్చుకొన్న చొప్పుననే యంత్రమును నేర్చినది. మా తాతగారియొద్ద పద్యములు చదువుకొనిన దానను గనుక, అరసున్న మాటేమని యడిగితిని. దానికిని చోటున్నదట, 3073. శకటరేఫమునకు 3121. వాడుకనుండి తొలగిపోవుచున్న యక్షరములను సైతము మఱువక చోటిచ్చిన ఆ కూర్పరులకు మనస్సులోనే నమస్కరించితిని.

తమ్ముడు ఆ రాత్రి పని కుపక్రమించెను. ఏ గజిబిజి గుర్తు ఏ తెలుగు ముక్కయో తెలుపు పట్టిక యొకటి కావలెను. శ్రావణమాసపు పేరంటమునకు అచ్చు తీయించిన రెండు పాటల కాగితములు పూజామందిరపు పెట్టెలో దొరకినవి. ఒక ప్రక్క ఆ కాగితము, ఒక ప్రక్క ఆ గజిబిజి నుంచుకొని, నేను చదువుచుండగా వాడు పట్టిక కూర్చెను. పిదప పైథాన్ అను ప్రోగ్రాము భాషలో నొక చిన్న ప్రోగ్రాము వ్రాసి, ఆ పట్టికను దాని కిచ్చెను. రెప్పపాటులో తెరమీద తెలుగు కనబడినది. నా కన్నులు చెమర్చినవి. కాని చదువబోగా “రాముడు” ఉండవలసిన చోట “రాముణు” అని యున్నది! ‘డ’ యంతయు ‘ణ’ యైనది.

నేను దిగులుపడగా వాడు, “దీనిని మేము బగ్గు అందుము. పురుగు” అని నవ్వుచు ఒక కథ చెప్పెను. 1947 సెప్టెంబరు 9వ తేదీని, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునందు నిర్మింపబడిన మార్క్ 2 అను గణనయంత్రము మొరాయించగా, వెదకినవారికి దాని మీట సందున నిజముగనే యొక చిమ్మెట పురుగు దొరకినదట. దానిని దినచర్య పుస్తకములో నంటించి, పురుగు దొరకిన మొదటి సందర్భమిదియని వేడుకగా వ్రాసిరట. లోపమును పురుగనుట ఇంజనీర్లలో అంతకు ముందే యుండినను, ఈ కథ ప్రసిద్ధికెక్కినది.

ఆ బృందమున నుండినవారిలో గ్రేస్ హాపర్ అను నామె యొకరు. 1906లో న్యూయార్కులో జన్మించి, గణితశాస్త్రము బోధించి, అమెరికా నౌకాదళమున చేరిన విదుషీమణి. అంకెలతో మాత్రమే యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయవలసిన ఆ కాలమున, మనుష్యుడు తనకు సుళువైన రీతిని వ్రాయగా దానిని యంత్రమే తన యంకెలలోనికి మార్చుకొనునట్లు చేయవచ్చునని యామె తలచినది. యంత్రము లెక్కలు చేయును గాని ప్రోగ్రాములు వ్రాయదని తోడివారు నమ్మలేదట. ఆమె 1952లో ఏ-0 అను సాధనమును చేసి చూపినది. తరువాత ఇంగ్లీషు మాటలతోనే ఆజ్ఞలు వ్రాయు భాషను కూర్చినది. దాని ననుసరించియే 1959లో ఆరంభమైన కోబాల్ అను భాష రూపొందినది. నేడు ప్రోగ్రాములు వ్రాయువారందఱు వాడు ముఖ్యమైన పనిముట్టునకు దారి చూపినవారిలో నొకరు స్త్రీ యని విని నాకు గర్వము కలిగినది. మన యాడుబిడ్డలు కంప్యూటరు చదువులలో చేరునప్పుడు ఈ పేరు వారికి చెప్పదగినది.

మరునాడు తమ్ముడు పట్టికను సవరించుచుండగా నొక సంగతి గమనించితిని. ఏ చిన్న మార్పు చేసినను, చేసినది యేమో, ఎందులకో ఒక వాక్యము వ్రాసి దాచుచున్నాడు. “తప్పు దిద్దినచో చాలును గదా, తప్పును గూడ దాచుట యేల?” అంటిని. వాడు గిట్ అను పనిముట్టును చూపి దాని పుట్టుక చెప్పెను.

లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు దేశీయుడు 1991లో లైనక్స్ అను దానిని ఆరంభించెను. పలు దేశములవారు దానిపై కలిసి పనిచేయుచుండిరి. ఎవరెవరు ఏ మార్పు చేసిరో గుర్తుంచుకొనుటకు, 2002 నుండి బిట్‌కీపర్ అను వాణిజ్య సాధనమును ఉచితముగ వాడుకొనిరి. 2005లో ఆ యుచిత వినియోగము నిలిచిపోయినది. ఎరువు సొమ్ము బరువుచేటు అన్నట్లు, పని యంతయు పరుల పనిముట్టుపై ఆధారపడియుండుట యెంత కష్టమో అప్పుడు తెలిసినది. ఆ ఏప్రిల్ మాసముననే టోర్వాల్డ్స్ స్వయముగా గిట్‌ను వ్రాయ నారంభించెను. జూను మాసమునకు లైనక్స్ పనియంతయు దానిలోనే సాగినది. అందలి విశేష మేమనగా, పనిచేయు ప్రతివానియొద్దను మొదటినుండి చివరివరకు సమస్త చరిత్రయు నుండును. ఒక్క చోట నశించినను మఱియొక చోటినుండి తిరిగి పొందవచ్చును.

ఇది వినగానే నాకు తాటాకు గ్రంథములు జ్ఞప్తికి వచ్చినవి. “నాయనా, ఇది నీకు క్రొత్త గాని మా పండితులకు పాతయే. వీనినే పాఠాంతరములందురు” అంటిని. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు కడపలో నున్నప్పుడు చేసినదేమి? ఒక్కొక్క కావ్యమునకు వేర్వేరు చోట్లనుండి ప్రతులు తెప్పించి, తమ సొమ్ముతో పండితులను నియమించి, సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించిరి. ఒక లేఖకుడు చేసిన పొరపాటు ఇంకొకని ప్రతిచే తెలియును. పెక్కు ప్రతులుండిన గ్రంథము బ్రతికినది. ఒకే ప్రతి యున్నది చెదలపాలైనది. తమ్ముడు కొంత తడవు మాటలాడక, “అక్కా, మా కళాశాలలో ఈ మాట ఎవరును చెప్పలేదు” అనెను. మా వారు ప్రక్కగదినుండి, “ఇకమీదట కంప్యూటరు పాఠములు మీ అక్కయే చెప్పును, నేను విశ్రాంతి తీసికొందును” అని నవ్విరి.

మూడవనాటికి 61 పాటలు చక్కగా వచ్చినవి. మూడింటిలో మాత్రము కొన్ని గుర్తులు పట్టికకు అందలేదు. అచ్చు కాగితములలో ఆ యక్షరములు లేకపోవుటయే కారణము. ఆ మూడింటిలో అప్పగింతల పాట యొకటి! రెండు చరణములలో మాటలు తునిగిపోయినవి. ఊహించి పూరింతునా యని ఒక క్షణము తలచితిని. కాని అత్తగారి నోటి మాటయని నా మాటను ఇచ్చుట తగదని తోచి, వదినగారికి ఫోను చేసి జరిగినదంతయు దాచక చెప్పితిని. ఆమె కోపించుననుకొంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, పిదప సన్నని గొంతుతో ఆ పాట యెత్తుకొనిరి. రెండు చరణములును పూర్తిగా వచ్చినవి. అంతియే కాదు, మూడవ చరణములో నేను వ్రాసిన మాట వేఱు, ఆమె పాడిన మాట వేఱు. “నా పెండ్లికి అమ్మ ఇట్లే పాడినది” అని వదినగారనిరి. నేను వ్రాసినదియు అత్తగారి నోటినుండి వినినదే. రెండింటిని ఉంచితిమి; ఏది యెవరి నోటినుండి వచ్చినదో ప్రక్కన వ్రాసితిమి. మాఘమాసమున పెండ్లిపందిట ఆ పాట పాడునప్పుడు వదినగారు నా చేయి పట్టుకొని నిలుచుండిరి.

పండుగనుండి పోవునప్పుడు తమ్ముడు, ఈ పాటలను ఇంటర్నెట్టులో నా పేర నొక చోట వారమున కొకటిగా నుంచుమని చెప్పెను. తెలుగువారికి ఈ యలవాటు క్రొత్త కాదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన తెలుగువారు, ఇంగ్లీషు మీటలతోనే తెలుగు వ్రాయు పద్ధతి నొకటి ఏర్పఱచిరి. దానికి ఆ విద్యాలయము పేరే నిలిచినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. అటుతరువాత లేఖిని యను సాధనము వచ్చి, కంప్యూటరులో వేఱేమియు కూర్చుకొనకయే తెలుగు వ్రాయ వీలు కల్పించినది. కూడలి యనునది ఎవరెవరు ఏమేమి వ్రాసిరో ఒక్కచోట చూపుచుండెను. ఆ దినములలో ఎందఱో గృహిణులు తమ యూరి వంటలు, నోములు, చిన్ననాటి ముచ్చటలు వ్రాసిరి. సంపాదకుని యనుమతి లేక, అచ్చుకూలి లేక, తన మాట తానే ప్రకటించుకొనుట స్త్రీలకు గొప్ప యవకాశమే.

అయినను అది పరుల పెరడు. అందు ముగ్గు మనదే గాని నేల మనది కాదు. జియోసిటీస్ అను చోట 1994 మొదలు లక్షలాది జనులు తమ పుటలు కట్టుకొనిరి. 2009 అక్టోబరు 26న అది అమెరికాలో మూతపడినది. ముందుగా ప్రతులు తీసికొనినవారి వ్రాతలును, కొందఱు పరోపకారులు శ్రమపడి కాపాడినవియు మాత్రమే మిగిలినవి. కావున పెరటిలో వ్రాయుడు, కాని ప్రతిని ఇంటికి తెచ్చుకొనుడు. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ వంటి చోట్ల మన వ్రాతలన్నిటిని ఒక్కమాఱే దింపుకొను వీలు కలదు.

నేను నేర్చిన పాఠమును మీ సౌకర్యము కొఱకు క్లుప్తముగ చెప్పెదను. తెలుగును యూనికోడులోనే వ్రాయుడు. ఫోనులలో నేడు వ్రాయునది సాధారణముగ నదియే. ఇంటిలో పాత అక్షరరూపములతో చేసిన ఫైలులున్నచో, వాటిని చూపగల యంత్రము బ్రతికియుండగనే తెఱచి చూచి, కొన్ని పుటలైనను అచ్చు తీసి యుంచుడు. ముఖ్యమైన వ్రాతకు మూడు ప్రతు లుండవలెను: ఒకటి యింటి యంత్రమున, ఒకటి దూరమున నున్న బంధువునొద్ద, ఒకటి కాగితముపై. ఎవరినుండి వింటిరో, ఏ తేదీని వ్రాసితిరో క్రింద చేర్చుడు. దిద్దునప్పుడు పాతదానిని చెఱుపక, తేదీ వేసి ప్రక్కన నుంచుడు. ఆఱు నెలల కొకమాఱు తెఱచి చూడుడు. పేరు కనబడినంత మాత్రమున లోపలిది క్షేమమనుకొనరాదు. ఊరగాయ జాడీకి కట్టిన గుడ్డ బాగున్నదని లోపల బూజు పట్టలేదనుకొందుమా?

పనిముట్టు గొప్పదా కాదా యనుటకు తమ్ముడు చెప్పిన గుర్తు ఒక్కటే: ఆ పనిముట్టు పోయిన తరువాతను దానితో చేసిన పని మిగులవలెను, మఱియొకరి చేతి కందవలెను. మా అత్తగారి పాటలు ఆమెకు ఆమె తల్లినుండి వచ్చినవి. ఆ గొంతులకు నడుమ యంత్రమును తెచ్చి పెట్టినది నేనే గనుక, దారి తెగకుండ చూచు భారమును నాదే. ఇప్పుడు ఆ పాటలు పాలకొల్లులో నొక ప్రతి, హైదరాబాదులో నొక ప్రతి, మా పూజామందిరపు పెట్టెలో నొక ప్రతి యున్నవి. మా యమ్మాయి నిన్న సాయంకాలము అందులోని లాలిపాట నొకటి తన బొమ్మకు పాడుచుండెను. నాలుగవ ప్రతి అదియే యనుకొంటిని.

మీ యిండ్లలో పెద్దలున్నచో ఈ నెలలోనే ఒక్క పాటయైనను వ్రాసికొనుడు.